గ్లూతో ఓపెన్‌జీఎల్ ఎక్స్‌టెన్షన్లు: వరస తప్పకుండా సెటప్ చేయడం ఎలా

కంపైల్ అయింది. లింక్ కూడా అయింది. రన్ చేస్తే విండో ఒక్కసారి మెరిసి మాయమైంది. డీబగ్గర్ పెట్టి చూస్తే ప్రోగ్రామ్ సున్నా అడ్రస్ దగ్గర ఆగి ఉంది. గ్లూ (గ్రాఫిక్స్ కార్డుతో బొమ్మలు గీయించే ఓపెన్‌జీఎల్ ఫంక్షన్లను వెతికిపెట్టే లైబ్రరీ) కొత్తగా వాడేవాళ్లు పదేపదే అడిగేది దీని గురించే. కోడ్‌లో ఏ లైనూ తప్పుగా కనిపించదు, ఎందుకంటే తప్పు లైన్లలో లేదు, వాటి వరసలో ఉంది.

విండోస్‌తో వచ్చే ఓపెన్‌జీఎల్32 డీఎల్ఎల్ బయటికిచ్చేది 1.1 వెర్షన్ ఫంక్షన్లను మాత్రమే. బఫర్లు, షేడర్లు, వర్టెక్స్ అరేలు, ఫ్రేమ్‌బఫర్లు అన్నీ ఆ తర్వాత వచ్చినవే. వాటి అడ్రసులను ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు డ్రైవర్‌ని పేరు పెట్టి అడిగి తెచ్చుకోవాలి. ఆ అడిగే పని గ్లూ చేసిపెడుతుంది. అది విండో తెరవదు, కాంటెక్స్ట్ (ఓపెన్‌జీఎల్ తన స్థితినంతా ఉంచుకునే చోటు) సృష్టించదు, కార్డుకి లేని సామర్థ్యాన్ని తెచ్చిపెట్టదు.

ఈ గైడ్‌లో భాష సీప్లస్‌ప్లస్, గ్లూ వెర్షన్ 2.1 లేదా 2.2, విండో కోసం జీఎల్ఎఫ్‌డబ్ల్యూ లైబ్రరీ, లక్ష్యం ఓపెన్‌జీఎల్ 3.3 కోర్ ప్రొఫైల్ (పాత పద్ధతులు తీసేసిన రూపం). విండో కోసం ఎస్‌డీఎల్ వాడినా వరస మారదు, ఫంక్షన్ల పేర్లు మారతాయంతే.

పేర్ల గురించి ఒక మాట. ఫంక్షన్ల పేర్లను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలోనే రాశాం. టైపు చేసేటప్పుడు గ్లూ అంటే చిన్న అక్షరాల్లో జీ, ఎల్, ఈ, డబ్ల్యూ. దాని వెంట వచ్చే ప్రతి పదం మొదటి అక్షరం పెద్దది, మధ్యలో ఖాళీ ఉండదు. స్థిరాంకాలు, మాక్రోల పేర్లలో ముందు భాగం పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పదాల మధ్య అండర్‌స్కోర్ ఉంటుంది.

1. ముందు మెషీన్‌ని పరీక్షించండి

కోడ్ రాయకముందే మీ మెషీన్ ఏమేం ఇవ్వగలదో తెలుసుకోండి. గ్లూ ప్యాకేజీతో గ్లూఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామ్ వస్తుంది. విండోస్ జిప్‌లో అది బిన్ ఫోల్డర్‌లో ఉంటుంది. ఉబుంటు, డెబియన్లలో గ్లూ-యుటిల్స్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేస్తే వస్తుంది. విండోస్‌లో నడిపితే ఫలితం అదే ఫోల్డర్‌లో గ్లూఇన్ఫో డాట్ టీఎక్స్‌టీ ఫైల్‌గా పడుతుంది, లినక్స్‌లో నేరుగా టెర్మినల్‌లో వస్తుంది. ఒక్కో ఎక్స్‌టెన్షన్ (అసలు వెర్షన్‌కి అదనంగా డ్రైవర్ ఇచ్చే ఫంక్షన్ల, స్థిరాంకాల గుంపు), దాని కింద ఒక్కో ఫంక్షన్, పక్కన ఓకే లేదా మిస్సింగ్ అని ఉంటుంది.

మీ ప్రోగ్రామ్ కోర్ ప్రొఫైల్ అడగబోతుంటే గ్లూఇన్ఫోకీ అదే చెప్పండి. మైనస్ వెర్షన్ 3.3, మైనస్ ప్రొఫైల్ కోర్ అనే ఆప్షన్లు ఉన్నాయి. ఏమీ చెప్పకపోతే అది చూపించే జాబితా, మీ ప్రోగ్రామ్‌కి దొరికే జాబితా ఒకటి కాకపోవచ్చు.

ఫలితం మొదట్లో రన్నింగ్ ఆన్ అని మొదలయ్యే లైన్ తప్పక చూడండి, రెండరర్ పేరు అందులో ఉంటుంది. అక్కడ జీడీఐ జెనెరిక్ అని ఉంటే కార్డు డ్రైవర్ లేదు, లేదా రిమోట్ డెస్క్‌టాప్ లోంచి నడుపుతున్నారు. అప్పుడు దొరికేది 1.1 మాత్రమే, గ్లూ ఏమీ చేయలేదు. లినక్స్‌లో ఎల్ఎల్‌వీఎమ్‌పైప్ అని ఉంటే గ్రాఫిక్స్ పని ప్రాసెసర్ మీద నడుస్తోందని అర్థం: పని జరుగుతుంది, నెమ్మదిగా.

2. లైబ్రరీని తెచ్చుకోవడం

లినక్స్‌లో ఇది ఒక్క లైను పని. ఉబుంటు, డెబియన్లలో ఆప్ట్ ఇన్‌స్టాల్‌కి లిబ్‌గ్లూ-డెవ్, లిబ్‌జీఎల్ఎఫ్‌డబ్ల్యూ3-డెవ్ అని రెండు పేర్లు ఇవ్వండి. ఫెడోరాలో గ్లూ-డెవెల్, జీఎల్ఎఫ్‌డబ్ల్యూ-డెవెల్. మ్యాక్‌లో బ్రూ ఇన్‌స్టాల్ గ్లూ.

విండోస్‌లో రెండు దారులున్నాయి. వీసీపీకేజీ అనే ప్యాకేజీ మేనేజర్ వాడుతుంటే గ్లూ, జీఎల్ఎఫ్‌డబ్ల్యూ3 రెండూ దానితోనే ఇన్‌స్టాల్ చేసుకోండి, పాత్‌ల గొడవ ఉండదు. లేదంటే తయారు బైనరీల జిప్ దించుకోండి. అందులో మీకు కావలసినవి ఇవి:

- ఇన్‌క్లూడ్ ఫోల్డర్, దానిలో జీఎల్ అనే ఉపఫోల్డర్, అందులో గ్లూ డాట్ హెచ్
- లిబ్ కింద రిలీజ్, దాని కింద విన్32, ఎక్స్64 ఫోల్డర్లు; ఒక్కోదానిలో గ్లూ32 డాట్ లిబ్, గ్లూ32ఎస్ డాట్ లిబ్
- బిన్ కింద అదే అమరికలో గ్లూ32 డాట్ డీఎల్ఎల్

ఇక్కడ చాలామంది కాలు జారేది 32 అనే అంకె దగ్గర. గ్లూ32 అన్నది లైబ్రరీ పేరు మాత్రమే, 64 బిట్ వెర్షన్‌కీ అదే పేరు. ఫైల్ పేరు చూసి కాదు, ఫోల్డర్ చూసి ఎంచుకోండి. మీ ప్రాజెక్ట్ ఎక్స్64 అయితే లిబ్, డీఎల్ఎల్ రెండూ ఎక్స్64 ఫోల్డర్ నుంచే రావాలి.

విజువల్ స్టూడియో కోసం తయారైన బైనరీలను మింగ్‌డబ్ల్యూ కంపైలర్‌తో కలపాలని చూడకండి. ఎంసిస్2లో ప్యాక్‌మన్ ద్వారా దొరికే గ్లూ ప్యాకేజీనే వాడండి.

3. హెడర్ల వరస

గ్లూ డాట్ హెచ్ మిగతా ఓపెన్‌జీఎల్ హెడర్లన్నిటికంటే ముందు రావాలి. అది మామూలు జీఎల్ డాట్ హెచ్‌కి బదులుగా నిలిచే హెడర్. జీఎల్ డాట్ హెచ్ ముందే చేరిపోయి ఉంటే, ఆ మాటే చెప్పి కంపైల్ అక్కడే ఆపేస్తుంది.

తిప్పలు వచ్చేది నేరుగా రాసిన ఇన్‌క్లూడ్‌తో కాదు. జీఎల్ఎఫ్‌డబ్ల్యూ హెడర్ తనంతట తాను జీఎల్ డాట్ హెచ్‌ని లాక్కొస్తుంది. మీ సొంత హెడర్లలో ఎక్కడో జీఎల్ఎఫ్‌డబ్ల్యూ ఉండి, దాన్ని గ్లూ కంటే పైన ఇన్‌క్లూడ్ చేస్తే ఇదే ఎర్రర్. ఫైల్ ఫైల్‌కీ వరస కాపాడుకుంటూ కూర్చోవడం కంటే, ప్రాజెక్ట్ మొత్తానికి జీఎల్ఎఫ్‌డబ్ల్యూ_ఇన్‌క్లూడ్_నన్ అనే మాక్రోని కంపైలర్ సెట్టింగుల్లో పెట్టేయండి. అప్పుడు జీఎల్ఎఫ్‌డబ్ల్యూ హెడర్ ఏ ఓపెన్‌జీఎల్ హెడర్‌నీ ముట్టుకోదు. కోడ్ ఫార్మాటర్ ఇన్‌క్లూడ్‌లను అక్షర క్రమంలో సర్దేసినా జీఎల్ఎఫ్‌డబ్ల్యూ వైపు నుంచి ఇబ్బంది రాదు.

4. లింక్ చేయడం: స్టాటిక్, డైనమిక్

విండోస్‌లో రెండు జతలున్నాయి. వాటిని కలగాపులగం చేయకూడదు.

- డైనమిక్: గ్లూ32 డాట్ లిబ్ లింక్ చేయాలి, గ్లూ_స్టాటిక్ మాక్రో ఉండకూడదు, డీఎల్ఎల్ మీ ఈఎక్స్‌ఈ పక్కనే ఉండాలి
- స్టాటిక్: గ్లూ32ఎస్ డాట్ లిబ్ లింక్ చేయాలి, గ్లూ_స్టాటిక్ మాక్రో తప్పనిసరి, డీఎల్ఎల్ అక్కర్లేదు

రెండింటిలోనూ ఓపెన్‌జీఎల్32 డాట్ లిబ్ కూడా జతచేయాలి. 1.1 నాటి ఫంక్షన్లు దానిలోంచే వస్తాయి, వాటిని గ్లూ తేదు.

గ్లూ_స్టాటిక్ మాక్రోని ఒక ఫైల్ పైన డిఫైన్ రాసి వదిలేయకండి. ప్రాజెక్ట్ ప్రాపర్టీల్లోని ప్రీప్రాసెసర్ డెఫినిషన్లలో పెట్టండి. డీబగ్, రిలీజ్ రెండు కాన్ఫిగరేషన్లలోనూ పెట్టారో లేదో చూసుకోండి. ఒకదానిలో పెట్టి రెండోదానిలో మరచిపోవడం మామూలే.

లింకర్ ఎర్రర్‌ని చదవడం వస్తే జతల తప్పు నిమిషంలో దొరుకుతుంది. దొరకని సింబల్ పేరు ముందు ఇంప్ అనే మూడక్షరాల ముక్క ఉంటే, మీ కోడ్ డీఎల్ఎల్ కోసం చూస్తోంది. మాక్రో మరచిపోయి స్టాటిక్ లిబ్ ఇచ్చారు, లేదా ఏ లిబ్ ఇవ్వలేదు. ఆ ముక్క లేకుండా రెండు అండర్‌స్కోర్ల తర్వాత గ్లూ, ఆపై జెన్‌బఫర్స్ వంటి పేరు కనిపిస్తే తప్పు అటునుంచి జరిగింది: మాక్రో ఉంది, స్టాటిక్ లిబ్ లేదు.

ఆ రెండు అండర్‌స్కోర్ల పేరు ఎక్కడిదంటారా? జీఎల్‌జెన్‌బఫర్స్ అని మీరు రాసేది నిజానికి ఫంక్షన్ కాదు, మాక్రో. గ్లూ దాన్ని ఒక ఫంక్షన్ పాయింటర్ వేరియబుల్‌గా మారుస్తుంది. ఆ పాయింటర్ మొదట్లో ఖాళీ. గ్లూఇనిట్ నడిచాకే నిండుతుంది. డీబగ్గర్‌లో ఈ వేరియబుల్‌ని వాచ్‌లో పెట్టి చూడండి, సున్నా ఉందో అడ్రస్ ఉందో కళ్లముందే తెలుస్తుంది.

లినక్స్‌లో వరస: ముందు మీ ఆబ్జెక్ట్ ఫైళ్లు, తర్వాత మైనస్ ఎల్ గ్లూ, మైనస్ ఎల్ జీఎల్ఎఫ్‌డబ్ల్యూ, చివర మైనస్ ఎల్ జీఎల్. ఇక్కడ గ్లూ, జీఎల్ రెండూ పెద్ద అక్షరాల్లో, జీఎల్ఎఫ్‌డబ్ల్యూ చిన్న అక్షరాల్లో రాయాలి. సీమేక్‌లో అయితే ఫైండ్‌ప్యాకేజ్ గ్లూ, ఫైండ్‌ప్యాకేజ్ ఓపెన్‌జీఎల్ పిలిచి, గ్లూ::గ్లూ, ఓపెన్‌జీఎల్::జీఎల్ టార్గెట్లను జతచేయండి. మ్యాక్‌లో మైనస్ ఎల్ జీఎల్‌కి బదులు ఓపెన్‌జీఎల్ ఫ్రేమ్‌వర్క్ జతచేయండి.

5. అసలు వరస: కాంటెక్స్ట్ ముందు, గ్లూఇనిట్ తర్వాత

గైడ్ మొత్తంలో ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

5.1. జీఎల్ఎఫ్‌డబ్ల్యూ-ఇనిట్ పిలవండి. విఫలమైతే అక్కడే ఆగండి.

5.2. విండో సృష్టించే ముందు హింట్‌లు (ఎలాంటి కాంటెక్స్ట్ కావాలో చెప్పే సెట్టింగులు) ఇవ్వండి: కాంటెక్స్ట్ మేజర్ వెర్షన్ 3, మైనర్ 3, ప్రొఫైల్ కోర్. మ్యాక్‌లో ఫార్వర్డ్ కంపాటిబుల్ హింట్ కూడా ఇవ్వాలి, పాత జీఎల్ఎఫ్‌డబ్ల్యూ వెర్షన్లలో అది లేకుండా అక్కడ కోర్ కాంటెక్స్ట్ రాదు. విండో వచ్చాక ఇచ్చిన హింట్ ఆ విండోకి పనికిరాదు.

5.3. విండో సృష్టించండి. తిరిగొచ్చిన పాయింటర్ ఖాళీగా ఉందేమో చూడండి. అడిగిన వెర్షన్ డ్రైవర్ దగ్గర లేకపోతే ఇక్కడే ఖాళీ వస్తుంది.

5.4. మేక్‌కాంటెక్స్ట్‌కరెంట్ పిలవండి. విండో ఉన్నంత మాత్రాన కాంటెక్స్ట్ కరెంట్ అయిపోదు. ఈ ఒక్క లైను మరచిపోతే గ్లూఇనిట్ ఎర్రర్ 1 ఇస్తుంది, మిస్సింగ్ జీఎల్ వెర్షన్ అనే సందేశంతో. డ్రైవర్‌ని అడగడానికి కాంటెక్స్టే లేనప్పుడు అది వెర్షన్ ఎక్కడినుంచి తెస్తుంది?

5.5. గ్లూఎక్స్‌పెరిమెంటల్ వేరియబుల్‌ని జీఎల్_ట్రూ చేయండి. గ్లూ 1.13, అంతకు ముందటి వెర్షన్లలో కోర్ ప్రొఫైల్‌కి ఇది తప్పనిసరి. ఆ పాత వెర్షన్లు ఎక్స్‌టెన్షన్ల జాబితాని ఒకే పొడవాటి స్ట్రింగ్‌గా అడిగేవి, కోర్ ప్రొఫైల్‌లో ఆ పద్ధతి తీసేశారు. 2.0 నుంచి ఒక్కో పేరునీ విడిగా అడుగుతుంది. కొత్త వెర్షన్‌లో ఈ లైను ఉన్నా నష్టం లేదు. మీ కోడ్ ఎవరి పాత మెషీన్ మీద కంపైల్ అవుతుందో తెలియనప్పుడు ఉంచేయడమే మేలు.

5.6. గ్లూఇనిట్ పిలవండి. ఫలితాన్ని గ్లూ_ఓకేతో పోల్చండి. తేడా వస్తే గ్లూగెట్‌ఎర్రర్‌స్ట్రింగ్‌తో సందేశం అచ్చువేసి, అంకెను కూడా అచ్చువేయండి. కొన్నిసార్లు సందేశం కంటే అంకే ఎక్కువ చెబుతుంది. ఏడో భాగంలో దాని సంగతి వస్తుంది.

5.7. పాత గ్లూ అయితే వెంటనే జీఎల్‌గెట్‌ఎర్రర్‌ని ఖాళీ అయ్యేదాకా పిలవండి. పైన చెప్పిన పాత పద్ధతి ఇన్‌వాలిడ్ ఎనమ్ అనే ఎర్రర్‌ని వెనక వదిలిపోతుంది. తీసేయకపోతే అది మీ మొదటి షేడర్ దగ్గరో టెక్స్చర్ దగ్గరో బయటపడుతుంది. ఏ తప్పూ లేని కోడ్‌ని గంటలకొద్దీ వెతుకుతారు.

5.8. వెర్షన్, వెండర్, రెండరర్ మూడూ జీఎల్‌గెట్‌స్ట్రింగ్‌తో అడిగి లాగ్‌లో రాయండి. ఈ మూడు లైన్లు లేని బగ్ రిపోర్ట్ చేతికొస్తే చేయగలిగింది తక్కువ.

ఇక వరస తెలియకుండానే తప్పించేసే మూడు చోట్లు చూడండి.

మొదటిది గ్లోబల్ ఆబ్జెక్టులు. ఒక మెష్ క్లాస్ కన్‌స్ట్రక్టర్‌లో జీఎల్‌జెన్‌బఫర్స్ ఉందనుకోండి, ఆ ఆబ్జెక్ట్‌ని గ్లోబల్‌గా పెట్టారు. కన్‌స్ట్రక్టర్ మెయిన్ కంటే ముందే నడుస్తుంది, అప్పటికి పాయింటర్లన్నీ సున్నాలు. మెయిన్ మొదటి లైన్‌లో పెట్టిన బ్రేక్‌పాయింట్‌కి కూడా చేరకుండా ప్రోగ్రామ్ పడిపోతే ముందు అనుమానించాల్సింది దీన్నే.

రెండోది దానికి అద్దంలో ప్రతిబింబం: డిస్ట్రక్టర్లు. మెయిన్‌లో జీఎల్ఎఫ్‌డబ్ల్యూ-టర్మినేట్ పిలిచాక, అదే మెయిన్‌లోని లోకల్ ఆబ్జెక్టులు పోయేటప్పుడు జీఎల్‌డిలీట్‌బఫర్స్ పిలుస్తాయి. కాంటెక్స్ట్ అప్పటికే లేదు. అంతా బాగా నడిచి, మూసేటప్పుడు మాత్రమే పడిపోయే ప్రోగ్రామ్ ఇలాంటిదే. లోకల్ ఆబ్జెక్టుల చుట్టూ ఒక జత మీసాల బ్రాకెట్లు పెట్టి, టర్మినేట్‌ని వాటి బయట పిలిస్తే సరిపోతుంది.

మూడోది థ్రెడ్లు. కాంటెక్స్ట్ ఒక్కో థ్రెడ్‌కి విడిగా కరెంట్ అవుతుంది. మెయిన్ థ్రెడ్‌లో ఇనిట్ చేసి, లోడర్ థ్రెడ్ నుంచి టెక్స్చర్ అప్‌లోడ్ చేస్తే పాయింటర్ సరైనదే ఉంటుంది కానీ ఆ థ్రెడ్‌కి కాంటెక్స్ట్ ఉండదు. ఫైల్ చదవడం, ఇమేజ్ విప్పడం వేరే థ్రెడ్‌లో చేయండి. జీఎల్ పిలుపులు మాత్రం కాంటెక్స్ట్ ఉన్న థ్రెడ్‌కే వదలండి.

6. ఎక్స్‌టెన్షన్ ఉందా అని పేరు పెట్టి అడగండి

ఫంక్షన్ పాయింటర్ సున్నా కాదు కాబట్టి ఫంక్షన్ ఉన్నట్టే అనుకోవద్దు. లినక్స్‌లో జీఎల్‌ఎక్స్ (పాత విండో వ్యవస్థ ఎక్స్11తో ఓపెన్‌జీఎల్‌ని కలిపే పొర) ద్వారా అడిగితే డ్రైవర్‌కి చేతకాని ఫంక్షన్‌కి కూడా సున్నా కాని అడ్రస్ రావచ్చు. అది ఉత్త బొమ్మ ఫంక్షన్ అయ్యుండొచ్చు. ఎక్స్‌టెన్షన్ పేరునే అడగాలి.

అడగడానికి రెండు పద్ధతులు:

- వేరియబుల్ రూపం: గ్లూ_వెర్షన్_3_3, గ్లూ_కేహెచ్ఆర్_డీబగ్ వంటివి నిజమా అబద్ధమా అని నేరుగా ఇఫ్‌లో పెట్టొచ్చు
- స్ట్రింగ్ రూపం: గ్లూఈజ్‌సపోర్టెడ్ ఫంక్షన్‌కి పేర్లను ఖాళీతో విడదీసి ఇస్తే, అన్నీ ఉంటేనే నిజం అంటుంది

స్ట్రింగ్ రూపంలో పేరు జీఎల్_తో మొదలవుతుంది, వేరియబుల్ రూపంలో గ్లూ_తో. రెండూ కలిపేస్తే స్ట్రింగ్ రూపం ఎర్రర్ ఇవ్వదు, మౌనంగా అబద్ధం అంటుంది. అక్షరం తప్పినా అంతే. వేరియబుల్‌లో తప్పితే కంపైలరే పట్టేస్తుంది కాబట్టి వేరియబుల్ రూపమే వాడండి. కాన్ఫిగ్ ఫైల్ నుంచి పేర్లు చదివే చోట మాత్రమే స్ట్రింగ్ రూపం అవసరమవుతుంది.

పేర్లలోని తోకలూ చూసుకోండి. ఏఆర్‌బీ, కేహెచ్ఆర్ అంటే ఉమ్మడిగా ఆమోదించినవి. ఈఎక్స్‌టీ అంటే ఒకటికంటే ఎక్కువ వెండర్లు కలిసి తెచ్చినవి. ఎన్‌వీ, ఏఎండీ అంటే ఆయా వెండర్లవి. పాత ఈఎక్స్‌టీ ఫ్రేమ్‌బఫర్ ఎక్స్‌టెన్షన్‌లో ఫంక్షన్ పేర్ల చివర ఈఎక్స్‌టీ ఉంటుంది. ఏఆర్‌బీ ఫ్రేమ్‌బఫర్ ఎక్స్‌టెన్షన్‌లో తోక ఉండదు. ఒకదాన్ని చెక్ చేసి రెండోదాని ఫంక్షన్ పిలవడం సున్నా అడ్రస్‌కి దగ్గరి దారి.

చెక్ ఒక్కసారే చేయండి. ఇనిట్ అయిన వెంటనే ఒక చిన్న స్ట్రక్ట్‌లో బూలియన్లుగా రాసిపెట్టుకుని మిగతా కోడ్ అంతా దాన్నే చూడాలి. గ్లూ పేర్లు పది ఫైళ్లలో చల్లితే, రేపు లైబ్రరీ మార్చాల్సి వచ్చినప్పుడు ఏరుకోవడం మీ పనే అవుతుంది.

ఉదాహరణ: అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్. రోడ్డు, నేల వంటివి దూరానికి మసకబారకుండా ఉండటానికి ఇది. ఓపెన్‌జీఎల్ 4.6లో కోర్ అయింది. అంతకు ముందు ఈఎక్స్‌టీ రూపంలో దాదాపు ప్రతి కార్డులోనూ ఉంది.

1. ఈఎక్స్‌టీ_టెక్స్చర్_ఫిల్టర్_అనైసోట్రోపిక్ ఉందా, లేదా వెర్షన్ 4.6 ఉందా అని చూడండి. ఏదో ఒకటి చాలు.
2. గరిష్ఠ విలువను జీఎల్‌గెట్‌ఫ్లోట్‌వీతో అడగండి. చాలా కార్డులు 16 అంటాయి, ఈఎక్స్‌టీ స్పెసిఫికేషన్ హామీ ఇచ్చేది 2 మాత్రమే.
3. మీకు కావలసిన 8, కార్డు చెప్పిన గరిష్ఠం, ఈ రెండింటిలో చిన్నదాన్ని జీఎల్‌టెక్స్‌పారామీటర్‌ఎఫ్‌తో పెట్టండి.
4. మిప్‌మ్యాప్‌లు (టెక్స్చర్‌కి చిన్న సైజు కాపీలు) తయారుచేసి, మిన్ ఫిల్టర్‌ని లీనియర్ మిప్‌మ్యాప్ లీనియర్ చేయండి. పెట్టినా తేడా కనిపించట్లేదంటే ముందు చూడాల్సింది ఇదే.

దీనిలో కొత్త ఫంక్షన్లు లేవు, రెండు స్థిరాంకాలే. అందుకే చెక్ చేయకపోయినా ప్రోగ్రామ్ పడిపోదు, ఇన్‌వాలిడ్ ఎనమ్ మాత్రం పోగవుతుంది.

ఉదాహరణ: బఫర్ స్టోరేజ్. సైజు మారని నిల్వ తీసుకుని, ఒక్కసారి మ్యాప్ చేసి ఉంచేసే పద్ధతి ఇది. దీనికి ఫంక్షన్ ఉంది కాబట్టి ఫాల్‌బ్యాక్ (అది లేనప్పుడు నడిచే ప్రత్యామ్నాయ దారి) కూడా రాయాలి. ఏఆర్‌బీ_బఫర్_స్టోరేజ్ 4.4లో కోర్ అయింది. మీ కాంటెక్స్ట్ 3.3 అయినా డ్రైవర్ దీన్ని ఎక్స్‌టెన్షన్‌గా ఇవ్వొచ్చు. మ్యాక్‌లో ఓపెన్‌జీఎల్ 4.1 దగ్గరే ఆగిపోయింది, అక్కడ ఇది దొరకదు.

ఎక్స్‌టెన్షన్ ఉన్న దారి: ఒక ఫ్రేమ్‌కి 1 ఎంబీ డేటా అనుకుంటే 3 ఎంబీ బఫర్ తీసుకోండి. మ్యాప్ రైట్, పర్సిస్టెంట్, కోహెరెంట్ ఫ్లాగ్‌లు మూడూ ఇవ్వాలి, స్టోరేజ్ పిలుపులోనూ మ్యాప్ పిలుపులోనూ. ఒక్కసారి మ్యాప్ చేసి చివరిదాకా అలాగే ఉంచండి. ఒక్కో ఫ్రేమ్ ఒక్కో 1 ఎంబీ ముక్కలో రాస్తుంది. ఒక ముక్కలో మళ్లీ రాసే ముందు దాని ఫెన్స్ (కార్డు ఆ పని ముగించిందని తెలిపే గుర్తు) పూర్తయ్యేదాకా ఆగాలి. ఫెన్స్ వదిలేస్తే కార్డు ఇంకా చదువుతున్న డేటా మీదే రాస్తారు, ఆకారాలు అప్పుడప్పుడూ చెదురుతాయి.

లేని దారి: జీఎల్‌బఫర్‌డేటాకి ఖాళీ పాయింటర్ ఇచ్చి, స్ట్రీమ్ డ్రా హింట్‌తో పాత నిల్వని వదిలించి, బఫర్‌సబ్‌డేటాతో నింపండి. నెమ్మదే అయినా అన్నిచోట్లా నడుస్తుంది.

రెండు దారులనూ ఒకే బఫర్ మీద కలపకండి. బఫర్‌స్టోరేజ్‌తో తీసుకున్న నిల్వ సైజు ఇక మారదు. దాని మీద బఫర్‌డేటా పిలిస్తే ఇన్‌వాలిడ్ ఆపరేషన్ వస్తుంది. ఫాల్‌బ్యాక్ దారిని పరీక్షించడానికి పాత మెషీన్ వెతకక్కర్లేదు: మీ స్ట్రక్ట్‌లోని ఆ బూలియన్‌ని చేత్తో అబద్ధం చేసి నడపండి. ఈ పని ఎవరూ చేయరు, అందుకే ఫాల్‌బ్యాక్‌లు ఎక్కువగా యూజర్ మెషీన్ మీదే మొదటిసారి నడుస్తాయి.

7. లినక్స్‌లో వేలాండ్ తెచ్చిన చిక్కు

నిన్నటిదాకా నడిచిన ప్రోగ్రామ్ డిస్ట్రో అప్‌గ్రేడ్ తర్వాత గ్లూఇనిట్ దగ్గర ఎర్రర్ 4 ఇస్తోందా? 2024లో వచ్చిన జీఎల్ఎఫ్‌డబ్ల్యూ 3.4 నుంచి, వేలాండ్ (ఎక్స్11 స్థానంలో వచ్చిన కొత్త విండో వ్యవస్థ) సెషన్‌లో ఉంటే విండో వేలాండ్ మీదే తెరుచుకుంటుంది. డిస్ట్రోల గ్లూ మాత్రం తరచుగా ఎక్స్11 వైపు ఉండే జీఎల్‌ఎక్స్ కోసం కంపైల్ అయి ఉంటుంది. అది ఎక్స్ డిస్‌ప్లే కోసం చూసి దొరక్క ఎర్రర్ 4 అంటుంది, అంటే జీఎల్‌ఎక్స్ డిస్‌ప్లే లేదని.

మూడు మందులున్నాయి:

- జీఎల్ఎఫ్‌డబ్ల్యూ-ఇనిట్‌కి ముందు ఇనిట్‌హింట్‌తో ప్లాట్‌ఫామ్‌ని ఎక్స్11 అని చెప్పండి. అన్నిటికంటే తక్కువ తలనొప్పి ఇదే.
- గ్లూని సోర్స్ నుంచి తయారుచేస్తున్నట్లయితే మేక్ ఆదేశంలో సిస్టమ్ విలువను లినక్స్-ఈజీఎల్ అని ఇవ్వండి, అప్పుడు జీఎల్‌ఎక్స్‌కి బదులు ఈజీఎల్ వాడుతుంది.
- ఎర్రర్ 4ని మాత్రం హెచ్చరికగా తీసుకుని ముందుకు సాగండి. గ్లూఇనిట్ ముందు ఓపెన్‌జీఎల్ ఫంక్షన్లను నింపి, ఆ తర్వాతే జీఎల్‌ఎక్స్ భాగానికి వెళుతుంది. 4 వచ్చేసరికి మీకు కావలసిన పాయింటర్లు నిండే ఉంటాయి. మిగతా అంకెలేవి వచ్చినా ఆగిపోవాల్సిందే.

మూడోది వాడితే పక్కన కామెంట్ రాయండి. లేకపోతే ఆరు నెలల తర్వాత ఎవరో దాన్ని బగ్ అనుకుని సరిచేస్తారు.

8. లక్షణం, కారణం, మందు

ఈఎక్స్‌ఈ తెరవగానే గ్లూ32 డీఎల్ఎల్ దొరకలేదు. డీఎల్ఎల్ ఈఎక్స్‌ఈ ఉన్న ఫోల్డర్‌లో లేదు. ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కాదు, ఈఎక్స్‌ఈ పక్కన ఉండాలి. సిస్టమ్32లో పడేయకండి, వేరే ప్రోగ్రామ్‌ల వెర్షన్లతో కొట్టుకుంటుంది.

చివర 7బీ అని ఉండే అంకెతో స్టార్టప్ ఎర్రర్. 64 బిట్ ఈఎక్స్‌ఈ పక్కన 32 బిట్ డీఎల్ఎల్ పెట్టారు, లేదా అటూ ఇటూ.

సున్నా అడ్రస్ దగ్గర క్రాష్. గ్లూఇనిట్ జరగలేదు, లేదా చెక్ చేయని ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్ పిలిచారు. కాల్ స్టాక్‌లో ఒక మెట్టు వెనక్కి వెళితే ఏ ఫంక్షనో తెలుస్తుంది.

ఈఎక్స్‌ఈలో బాగానే ఉంది, ప్లగిన్ డీఎల్ఎల్‌లో క్రాష్. రెండూ గ్లూని స్టాటిక్‌గా లింక్ చేసుకుంటే రెండింటిలోనూ పాయింటర్ల సొంత కాపీ ఉంటుంది. ప్లగిన్‌లో కూడా గ్లూఇనిట్ పిలవాలి, లేదా రెండూ డైనమిక్ గ్లూకి మారాలి.

డీబగ్ కాల్‌బ్యాక్ పిలవగానే 32 బిట్ విండోస్‌లో క్రాష్. కాల్‌బ్యాక్ ఫంక్షన్ డిక్లరేషన్‌లో జీఎల్ఏపీఐఎంట్రీ మాక్రో లేదు. అది లేకుండా కంపైల్ చేయడానికి కాస్ట్ పెట్టి ఉంటారు, ఆ కాస్ట్ తీసేయండి.

రెండో విండో తెరిచాక మొదటిదానిలో తేడాలు. విండోస్‌లో ఫంక్షన్ అడ్రసులు కాంటెక్స్ట్‌ని బట్టి మారొచ్చు. రెండు విండోలకీ ఒకే పిక్సెల్ ఫార్మాట్, ఒకే కార్డు అయితే మామూలుగా ఇబ్బంది రాదు. వేరైతే కాంటెక్స్ట్ మార్చాక మళ్లీ ఇనిట్ చేయాలి. పాత గ్లూలో దీనికి ఎంఎక్స్ అనే బిల్డ్ ఉండేది, 2.0లో తీసేశారు. పాత ట్యుటోరియల్‌లో ఆ పేరు కనిపిస్తే వదిలేయండి.

గ్లూతో పాటు గ్లాడ్ కూడా ప్రాజెక్ట్‌లో ఉంది. ఒకదాన్ని తీసేయండి. రెండూ అవే పేర్లను మాక్రోలుగా మార్చుకుంటాయి. కొత్తగా మొదలుపెట్టే ప్రాజెక్ట్ అయితే, కావలసిన ఎక్స్‌టెన్షన్లకే కోడ్ తయారుచేసే గ్లాడ్‌ని కూడా పరిశీలించండి. ఇప్పటికే గ్లూ మీద నడుస్తున్న కోడ్‌ని మార్చడానికి మాత్రం అది తగిన కారణం కాదు.

9. బయటికి పంపే ముందు

☐ డెవలప్‌మెంట్ టూల్స్ ఏవీ లేని మెషీన్ మీద ఒకసారి నడిపారా

☐ గ్లూఇనిట్ విఫలమైతే యూజర్‌కి కనిపించే సందేశం ఉందా, ఊరికే మూసుకుపోతోందా

☐ లాగ్‌లో వెర్షన్, వెండర్, రెండరర్, గ్లూ వెర్షన్, గ్లూఇనిట్ ఇచ్చిన అంకె ఉన్నాయా

☐ రెండు గ్రాఫిక్స్ కార్డులున్న ల్యాప్‌టాప్‌లో రెండింటి మీదా నడిపారా. లినక్స్ మెసా డ్రైవర్లలో అయితే డీఆర్ఐ_ప్రైమ్ వేరియబుల్‌ని 1 చేసి రెండో కార్డు మీద నడపొచ్చు

☐ ప్రతి ఎక్స్‌టెన్షన్ బూలియన్‌నీ ఒక్కొక్కటిగా అబద్ధం చేసి ఫాల్‌బ్యాక్ చూశారా

☐ వేలాండ్, ఎక్స్11 సెషన్లు రెండింటిలోనూ లాగిన్ అయి పరీక్షించారా

☐ రిమోట్ డెస్క్‌టాప్ నుంచి తెరిస్తే రెండరర్ పేరు చూసి, క్రాష్ కాకుండా మర్యాదగా చెప్పి ఆగుతోందా